సెకండ్ హ్యాండ్ మావిక్ క్సీరియం వీల్స్ గుంటూరులో రేసులకి తీసుకోవచ్చా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదే కదా, ఊరు గుంటూరు, రిమ్ బ్రేక్ (అంటే చక్రం అంచునే, రిమ్మునే, ప్యాడ్లు పట్టే బ్రేకు) రోడ్ బైక్ ఉంది, ఈ సీజన్ నుంచి రేసుల్లో దిగుదామని ఉంది, హైదరాబాద్‌లో ఒకాయన పాత మావిక్ కంపెనీ క్సీరియం చక్రాల జత అమ్ముతున్నాడు, అవి కొనాలా లేకపోతే అదే డబ్బుకి పేరూ ఊరూ లేని కార్బన్ ఫైబర్ వీల్స్ తెప్పించుకోవాలా అని. నేను విజయవాడ, చాన్నాళ్ళ నుంచి మావిక్ ఓపెన్ ప్రో రిమ్ముల మీదే తిరుగుతన్నా కాబట్టి ఆ కంపెనీ మీద నాకు కాస్త అభిమానం ఎక్కువే, అది కొంచెం తీసేసి చదువుకో.

కార్బన్ ముచ్చట ముందే తేల్చేస్తా, వద్దు. డిస్క్ బ్రేక్ అయితే వేరే సంగతి, రిమ్ బ్రేక్‌కి వేడంతా రిమ్ములోకే పోయిద్ది, అల్యూమినియం దాన్ని తొందరగా గాలికి వదిలేసిద్ది, చవక కార్బన్‌లో మాత్రం లోపలి రెజిన్, అంటే కార్బన్ పోగుల్ని అతికించే జిగురు, మెత్తబడి అంచు ఉబ్బే ప్రమాదం ఉంది, కొండవీడు ఘాట్ రోడ్డు మే నెలలో బ్రేకులు పట్టుకుంటా దిగితే ఎట్టుండిద్దో నువ్వే ఆలోచించు.

ఇక మావిక్. 1889లో ఫ్రాన్స్‌లో లియాన్‌లో పుట్టిన కంపెనీ ఇది, రిమ్ములే వీళ్ళ అసలు విద్య. టూర్ డి ఫ్రాన్స్ అంటే ఫ్రాన్స్‌లో ఏటా జరిగే పెద్ద సైకిల్ రేసు, 1934లో దాంట్లో మెటల్ రిమ్ములు ఒప్పుకోరని ఆంటొనిన్ మాన్యె అనే రేసర్ కోసం అల్యూమినియం రిమ్ముకి చెక్క రంగు పూసి పంపించారంట, ఆ ఏడు టూర్ ఆయనే గెలిచాడు. 1970ల నుంచి 2020 దాకా టూర్‌లో ఏ టీమ్ వాడికి పంచరైనా చక్రం మార్చి పంపిన పసుపు కార్లు కూడా వీళ్ళవే, తర్వాత ఆ పని జపాన్ కంపెనీ షిమానోకి పోయింది. మొదట్లో చాలా కాలం ఈ కంపెనీ ఎక్కువగా అమ్మింది రిమ్ము మాత్రమే, హబ్ (చక్రం మధ్యలో ఇరుసు భాగం) నీ ఇష్టం, ఊచలు నీ ఇష్టం, చక్రం అల్లేది మీ ఊరి మెకానిక్. 1990ల్లో లెక్క మారింది, హబ్బు, ఊచలు, రిమ్ము అన్నీ వాళ్ళే చేసి మొత్తం చక్రంగా అమ్మడం మొదలెట్టారు, 1996లో హీలియం, 1999లో క్సీరియం. దీని ఖరీదైన మోడల్స్‌లో రిమ్ము బయటి గోడకి, అంటే ట్యూబు వైపు, ఊచల కోసం రంధ్రాలే ఉండవు, ఆ రంధ్రాలు కప్పే రిమ్ టేప్ అవసరం లేదు, ఊచలు చదునుగా ఉండే అల్యూమినియంవి, ముందు చక్రానికి 18, వెనక 20. గట్టి చక్రం, స్ప్రింట్‌లో లేచి తొక్కినప్పుడు అస్సలు వంగినట్టు అనిపించదు, నేను ఒకరి బైక్ మీద తొక్కి చూశా.

ఏందంటే, ఆ ఊచ ఇక్కడ దొరకదు. అసలు గోల అంతా ఇదే. మా ఫ్రెండ్ ఒకడికి ఇట్టాంటి, కంపెనీయే మొత్తం అల్లి అమ్మే ఫ్యాక్టరీ వీల్స్ ఉండేవి (కంపెనీ పేరు అనవసరం), కరకట్ట మీద ఉండవల్లి దాటాక ఒక గుంతలో పడి వెనక ఊచ ఒకటి తెగింది, తక్కువ ఊచల చక్రం కదా, ఒక్కటి పోయేసరికి రిమ్ము పక్కకి గుంజుకుని బ్రేక్ ప్యాడ్‌కి రాసుకోవడం, చివరికి బైక్ ఆటోలో వేసుకొచ్చారు, ఆ ఒక్క ఊచ బయట దేశం నుంచి వచ్చేదాకా చక్రం గోడకి వేలాడింది. నా 32 ఊచల చక్రానికి అదే జరిగితే పక్క ఊచలు కాస్త వదులు చేసి ఇంటికొచ్చేశా, మర్నాడు వన్‌టౌన్‌లో పాత సైకిళ్ళు బాగుచేసే పెద్దాయన మామూలు స్టీలు ఊచ కొలత చూసి ఎక్కించి, బెండు తీసి ఇచ్చాడు, టీ తాగేంతలో అయిపోయింది. అంత పనిమంతుడు కూడా క్సీరియం చూస్తే చెయ్యి పెట్టడు, దాని కీ వేరు, మరలు వేరు.

అందుకని కొనొద్దు అనను, ఊచలు వస్తేనే కొను అంటన్నా. ముందు చక్రానికి ఒక కొలత, వెనక కుడికి ఒకటి, ఎడమకి ఒకటి ఉండిద్ది, ఒక్కో రకం రెండన్నా, కీతో సహా ఇమ్మని ఆ అమ్మే ఆయన్నే అడుగు, లేవంటే బయట తెప్పించుకునే ఖర్చు ధరలో కోయించు. పాత మోడల్స్‌కి పార్టులు రాను రాను కష్టమే, 2020లో కంపెనీ అప్పుల్లో పడి కోర్టు దాకా పోయి ఇంకొకళ్ళ చేతికి వెళ్ళింది. ఇంకోటి, బ్రేక్ పట్టే చోట వేలుపెట్టి రాయి, లోపలికి గుంటపడినట్టు తగిలితే రిమ్ము అరిగిపోయింది, వదిలెయ్. వెనక హబ్ మీద క్యాసెట్, అంటే గేర్ల పళ్ళ చక్రాల గుత్తి, ఎక్కే భాగాన్ని ఫ్రీహబ్ అంటారు, పాతదైతే నీ క్యాసెట్ దాని మీద పట్టిద్దో లేదో అడిగి తెలుసుకో. ఫ్రీహబ్ లోపల ప్లాస్టిక్ బుష్ ఉండిద్ది, అది ఆరిపోతే తొక్కడం ఆపి జారేటప్పుడు రోడ్డంతా వినపడేట్టు కీచుమంటది, దానికి పల్చటి మినరల్ ఆయిలే వెయ్యాలి, మన మెకానిక్‌లు ప్రేమగా గ్రీజు దట్టిస్తారు, పక్కన నిలబడి ఆపు. ఆయన క్సీరియం కాకుండా ఆర్-సిస్ అనేది చూపిస్తే ఊచలు గొట్టాల్లాగా ఉంటాయి, 2009లో వాటి ముందు చక్రాలు కంపెనీయే వెనక్కి పిలిపించింది, ఆ కాలం నాటిదైతే ముట్టుకోకు.

బరువు గురించి అడిగావు. గుంటూరు, మంగళగిరి, బెజవాడ అంతా బల్లపరుపు, ఇక్కడ రెండు మూడొందల గ్రాముల తేడా నీకు తెలియను కూడా తెలియదు, గుంపులో ముందోడి వెనక దాక్కుని తొక్కడం వస్తే దానికన్నా ఎక్కువ మిగిలిద్ది. మిగిలిన డబ్బుతో మంచి 25 మి.మీ. వెడల్పు టైర్లు వేయించు, ఇప్పుడున్న చక్రాలు అమ్మకు, రోజూ ప్రాక్టీసుకి అవే వాడు, క్సీరియం రేసు రోజు ఎక్కించు. బ్రేక్ అంచు దగ్గరగా ఫోటో తీసి పంపమని ఆయన్ని అడిగి ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.