ఏ తలుపు తెరిస్తే ఆ కాళ్ల దగ్గరే వెలుగు

ప్రశ్న: మా పాత పెట్రోలు కారులో నలుగురి కాళ్ల దగ్గరా చిన్న ఎల్‌ఈడీ లైట్లు పెట్టించాను. ఏ తలుపు తెరిస్తే ఆ వైపు లైటు మాత్రమే వెలగాలన్నది నా ఉద్దేశం. ఎలక్ట్రీషియన్ ఒక్కో లైటును ఆ తలుపు స్విచ్ వైరుకే కలిపానంటున్నాడు. అయినా ఏ ఒక్క తలుపు తీసినా నాలుగు లైట్లూ వెలుగుతున్నాయి. స్విచ్‌లు వేరువేరుగా ఉన్నప్పుడు ఇలా ఎందుకు జరుగుతోంది? దీన్ని సరిచేయడం ఎలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: స్విచ్‌లు నాలుగైనా, వాటి వెనక పైకప్పులోని రూమ్ లైటు దాకా వెళ్లే వైరు ఒక్కటే కావడం దీనికి కారణం. పాత తరం కార్లలో చాలావాటికి రూమ్ లైటుకు బ్యాటరీ పాజిటివ్ ఫ్యూజు మీదుగా ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. తలుపు తెరిచినప్పుడు తలుపు పక్క స్తంభంలోని స్విచ్ ఆ లైటు రెండో కొసను కారు బాడీకి, అంటే నెగటివ్‌కు, కలుపుతుంది. నాలుగు తలుపుల స్విచ్ వైర్లూ వైరింగ్ కట్ట లోపల ఎక్కడో ఒకచోట కలిసిపోతాయి కాబట్టి, ఏ స్విచ్ కలిసినా మిగిలిన మూడింటి వైర్లూ నెగటివ్ అవుతాయి. మీ ఎలక్ట్రీషియన్ పని తప్పు కాదు. ఆయన ఒక్కో లైటును ఒక్కో స్విచ్ దగ్గరే కలిపి ఉండవచ్చు, కానీ కరెంటు లెక్కలో ఆ నాలుగు చోట్లూ ఒకటే.

వీటిని విడదీయడానికి ఒక్కో స్విచ్ వైరులో ఒక డయోడ్ చాలు. బోరు పైపులో నాన్ రిటర్న్ వాల్వ్ నీటిని ఒకే దిక్కుకు పోనిచ్చినట్టు డయోడ్ కరెంటును ఒకే దిక్కుకు పోనిస్తుంది. కలిసే చోటును వెతుకుతూ కట్ట మొత్తం విప్పనక్కరలేదు. స్విచ్‌కు రెండు మూడు అంగుళాల దూరంలో వైరును కత్తిరించి, ఆ రెండు కొసల మధ్య డయోడ్‌ను అతకండి. డయోడ్ మీద వెండి రంగు గీత ఉన్న వైపు స్విచ్‌కేసి, గీత లేని వైపు వైరింగ్ కట్టకేసి ఉండాలి. కాళ్ల దగ్గరి లైటు నలుపు వైరును స్విచ్‌కూ డయోడ్‌కూ మధ్యనున్న ముక్కకు కలిపి, ఎరుపు వైరుకు ఎప్పుడూ 12 వోల్టులు ఉండే పాజిటివ్‌ను 2 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా ఇవ్వండి. అప్పుడు ఎడమ ముందు తలుపు తెరిస్తే ఆ వైపు లైటు నేరుగానూ, రూమ్ లైటు డయోడ్ మీదుగానూ వెలుగుతాయి. మిగిలిన మూడు లైట్ల కరెంటు అటు రావాలంటే తమ తమ డయోడ్లను ఎదురు దిక్కులో దాటాలి కాబట్టి అవి వెలగవు. ఒక్క తలుపుకు డయోడ్ వేయకుండా వదిలేసినా, ఆ తలుపు లైటు పాత పద్ధతిలోనే ఏ తలుపు తీసినా వెలుగుతూ ఉంటుంది.

డయోడ్ ఎంపికలో చాలామంది 1ఎన్4007 కొని తెచ్చుకుంటారు. అది 1 ఆంపియర్‌కు తయారైనది. రూమ్ లైటు మామూలు 10 వాట్ల బల్బు అయితే 12 వోల్టుల దగ్గర సుమారు 0.8 ఆంపియర్లు లాగుతుంది. ఎండలో నిలిపిన కారులో, ప్లాస్టిక్ ప్యానెల్ వెనక, గాలి ఆడని చోట పరిమితికి అంత దగ్గరగా నడపడం మంచిది కాదు. 3 ఆంపియర్లను భరించే 1ఎన్5404 ధరలో పెద్ద తేడా ఉండదు, నిశ్చింతగా వాడవచ్చు. డయోడ్ దగ్గర సుమారు 0.7 వోల్టు తగ్గుతుంది కాబట్టి రూమ్ లైటు ఒక పిసరు మందగించవచ్చు. కాళ్ల దగ్గరి లైట్లకు డయోడ్ అడ్డం రాదు గనుక వాటిలో మార్పు ఉండదు. అతుకును సోల్డర్ చేసి, వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగించండి. మన వేసవిలో ఇన్సులేషన్ టేపు జిగురు కారిపోయి, రెండో ఏటికే అతుకు బయటపడుతుంది.

కత్తిరించే ముందు మల్టీమీటరుతో ఒక పరీక్ష తప్పనిసరి. రూమ్ లైటు మీటను డోర్ అన్న స్థానంలో ఉంచి, మీటరు నలుపు తీగను బాడీ లోహానికీ, ఎరుపు తీగను స్విచ్ వైరుకూ ఆనించండి. తలుపు మూసినప్పుడు సుమారు 12 వోల్టులు, తెరిచినప్పుడు సున్నా చూపితే పైన చెప్పిన పద్ధతే మీ కారుకు సరిపోతుంది. తలుపు తెరిచినప్పుడే 12 వోల్టులు వస్తే మీ కారులో స్విచ్ పాజిటివ్‌ను కలుపుతోందని అర్థం. అప్పుడు డయోడ్‌ను తిప్పి పెట్టి, లైటు ఎరుపు వైరును స్విచ్ ముక్కకూ, నలుపును బాడీకీ ఇవ్వాలి. బల్బు మాడిపోయి ఉంటే ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి ముందు అది వెలుగుతోందో లేదో చూసుకోండి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. స్విచ్‌ను ఊడదీసినప్పుడు దాని వైరు స్తంభం లోపలికి జారిపోవడం మెకానిక్కులందరికీ అనుభవమే. విప్పగానే వైరుకు ఒక దారం కట్టి బయటికి లాగి ఉంచుకుంటే ఆ తిప్పలు ఉండవు. స్విచ్‌కు నెగటివ్ అందేది దాన్ని బిగించిన మరలోంచే గనుక, అక్కడ తుప్పు కనిపిస్తే గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించండి. డ్రైవరు వైపు వైర్ల విషయంలో మాత్రం ఏ మాత్రం ఉదాసీనత పనికిరాదు: అవి పెడళ్ల పైకి వేలాడకుండా, స్టీరింగ్ కడ్డీకి తగలకుండా డ్యాష్‌బోర్డు అడుగున ఉన్న గట్టి చోటికి ప్లాస్టిక్ టైలతో కట్టాలి. ఎల్‌ఈడీ పట్టీ వెనకనున్న జిగురునే నమ్ముకుంటే, వేడికి అది ఊడి బ్రేకు పెడల్ కిందికి చేరే ప్రమాదం ఉంది.

డయోడ్‌ను పొరపాటున తిప్పి పెడితే ఏమీ కాలిపోదు. ఆ తలుపు తీసినప్పుడు రూమ్ లైటు వెలగదు, ఇతర తలుపులు తీసినప్పుడు మాత్రం ఆ తలుపు కింది లైటు వెలుగుతుంది. ఈ రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే ఎక్కడ వెతకాలో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా కారు కొత్త తరానిది. తలుపు మూశాక రూమ్ లైటు మెల్లమెల్లగా ఆరుతుంది. తలుపు స్తంభాల మీద నొక్కుడు స్విచ్‌లు ఎక్కడా కనిపించవు. డయోడ్ల పద్ధతి దీనికీ పనికి వస్తుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పనికి రాదు, ప్రయత్నించవద్దు కూడా. లైటు మెల్లగా ఆరుతోందంటే దాన్ని నడిపేది స్విచ్ కాదు, బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే ఎలక్ట్రానిక్ పెట్టె. ఇటువంటి కార్లలో స్విచ్ చాలావరకు తలుపు తాళం యంత్రాంగంలోనే ఇమిడి ఉంటుంది. అది లైటుకు కరెంటు మోయదు, తలుపు తెరిచారన్న సంకేతాన్ని మాత్రం మాడ్యూల్‌కు పంపుతుంది. దానిలోని సన్నని కాంటాక్టులు కొద్ది మిల్లీ ఆంపియర్ల కోసం తయారైనవి. ఆ సంకేతపు వైరు కొన్ని కార్లలో 5 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. దానికి మీరు 12 వోల్టుల ఎల్‌ఈడీ కొసను తగిలిస్తే, తలుపు మూసి ఉన్నప్పుడు ఎల్‌ఈడీ మీదుగా మాడ్యూల్‌లోకి ఎదురు కరెంటు ప్రవహించవచ్చు. మాడ్యూల్ ఖరీదు ముందు ఈ లైట్ల ముచ్చట ఏపాటిది? మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, పెడితే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు గానీ, కారు రిలే కాయిల్ సుమారు 150 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది గనుక సంకేతపు వైరుకు అదీ బరువే.

కారు వైరింగును తాకకుండా ఒక్కో తలుపుకు సొంత స్విచ్ పెట్టుకోవడమే నా సలహా. తలుపు అంచున చిన్న అయస్కాంతం, దాని ఎదుట స్తంభం మీద, అయస్కాంతంతో పనిచేసే రీడ్ స్విచ్ అమర్చితే చాలు. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి: ఇళ్ల దొంగల అలారాలకు మామూలుగా అమ్మే రకం, అయస్కాంతం దగ్గరున్నప్పుడు కలుస్తుంది, దూరమైతే విడిపోతుంది. అది బిగిస్తే తలుపులు మూసినంతసేపూ లైట్లు వెలుగుతాయి. మీకు కావలసింది అయస్కాంతం దూరమైనప్పుడు కలిసే రకం. దుకాణంలోనే మీటరు పెట్టి, అయస్కాంతాన్ని దగ్గరికీ దూరానికీ జరిపి చూసి తీసుకోండి. చిన్న రీడ్ స్విచ్‌లు అర ఆంపియర్ దాకా తట్టుకుంటాయి, 100 మిల్లీ ఆంపియర్ల ఎల్‌ఈడీకి అది ఎక్కువే. పాజిటివ్‌ను మాత్రం ఫ్యూజు పెట్టె నుంచి, ఫ్యూజు చోట గుచ్చి అదనపు వైరు తీసుకునే ఫ్యూజు ట్యాప్‌తో తీసుకోండి.

మధ్య స్తంభాల ప్యానెళ్ల వెనకా, సీట్ల అడుగునా పసుపు రంగు తొడుగు లేదా పసుపు కనెక్టరు ఉన్న వైర్లు కనిపిస్తే అవి ఎయిర్ బ్యాగులవి. వాటిని విప్పవద్దు, మీటరు కూడా ఆనించవద్దు. వారంటీ ఇంకా మిగిలి ఉన్న కారయితే, పని మొదలుపెట్టే ముందు సర్వీసు కేంద్రంలో ఒక మాట అడగడం మేలు.

ప్రశ్న: ఆదివారాల్లో తలుపులన్నీ బార్లా తెరిచి కారు కడుగుతాం. ఇలా లైట్లు పెడితే బ్యాటరీ దిగిపోదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఎల్‌ఈడీలయితే భయం లేదు. ఒక్కోటి 0.1 ఆంపియర్ లాగినా, నాలుగూ కలిసి 10 గంటల్లో తినేది 4 ఆంపియర్ అవర్లే. చిన్న కార్లలో తరచుగా ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ దాన్ని తట్టుకుంటుంది. అదే 5 వాట్ల పాత బల్బులు నాలుగు పెడితే సుమారు 1.7 ఆంపియర్లు, 10 గంటల్లో 17 ఆంపియర్ అవర్లు పోతాయి. సగం బ్యాటరీ ఖాళీ అయినట్టే, మరునాడు స్టార్టరు మూలుగుతుంది. కొత్త కార్లలో మాడ్యూల్ కొంతసేపటికి రూమ్ లైటును తనంతట తానే ఆర్పేస్తుంది గానీ, మీరు విడిగా పెట్టుకున్న లైట్లకు ఆ రక్షణ ఉండదు. కడిగే రోజుల కోసం పాజిటివ్ వైరులో డ్యాష్‌బోర్డు అడుగున ఒక చిన్న మీట స్విచ్ పెట్టించుకోండి.

ప్రశ్న: తలుపులన్నీ మూసినా రాత్రిపూట వెనక సీటు కింది ఎల్‌ఈడీ మినుకుమినుకుమంటోంది. డయోడ్ పాడయిందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: డయోడ్‌ను అనుమానించే ముందు స్విచ్‌ను చూడండి. రబ్బరు తొడుగు చిరిగి వాన నీరు, మట్టి చేరితే తలుపు మూసి ఉన్నా స్విచ్‌లో కొద్దిపాటి కరెంటు కారుతుంది. మామూలు బల్బుకు అది చాలదు, ఎల్‌ఈడీ మాత్రం ఆ కాస్త కరెంటుకే మినుకుతుంది. వెనక తలుపు స్విచ్ నుంచి వైరును ఊడదీసి చూడండి. మినుకు ఆగిపోతే స్విచ్ మార్చాలి. ఆగకపోతే డయోడ్ ఎదురు కరెంటును ఆపలేకపోతూ ఉండవచ్చు, దాన్ని మార్చండి; ఆ వైరు మాడ్యూల్‌కో, మీటరు బోర్డులోని తలుపు హెచ్చరిక దీపానికో కూడా వెళ్తూ ఉండవచ్చు. రూమ్ లైటు బల్బును తీసి, ఎల్‌ఈడీ వైరును కూడా విడదీసి, డయోడ్‌కు అవతల కట్ట వైపు కొసను కొలిస్తే ఆ సంగతి బయటపడుతుంది: బల్బు లేకపోయినా అక్కడ వోల్టేజి కనిపిస్తే ఎల్‌ఈడీని తిరిగి ఆ వైరుకు కలపకుండా, పైన రెండో జవాబులో చెప్పిన రీడ్ స్విచ్‌కు మార్చండి.