వంటింటి ఉత్తరాలు: ప్యాకెట్ పిండి కొంటే తప్పా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు 35 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఏడున్నరకి పాప స్కూల్ బస్సు, ఎనిమిదిన్నరకి నేను బయల్దేరాలి. ఇడ్లీ పిండి, అల్లం వెల్లుల్లి పేస్టు, కందిపొడి అన్నీ ప్యాకెట్లే కొంటాను. నెల క్రితం మా అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చారు. నన్ను ఒక్క మాట కూడా అనరు. కానీ ఇడ్లీ పెట్టిన రోజు ‘ఆకలిగా లేదమ్మా’ అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. మా పాపతో మాత్రం ‘మీ నాన్నకి నేను రోట్లో రుబ్బి పెట్టేదాన్ని’ అంటారు. పొద్దున లేస్తే నాకు ఇదే టెన్షన్. నేను ఇంటిని సరిగా చూసుకోవడం లేదా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మాయ్, చూసుకుంటున్నావు. ముందు ఆ మాట విను, మిగతావి తర్వాత.

నాకు 69 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లె. మా చిన్నప్పుడు ఇడ్లీ రోజూ ఉండేది కాదు. పిల్లలందరికీ పొద్దున చద్దన్నం, అందులోకి మజ్జిగ, పక్కన ఊరగాయ ముక్క. ఇడ్లీ అంటే పండగకో, చుట్టాలొస్తేనో. ఇక ఆ ముందు రోజు మధ్యాహ్నం నుంచే హడావుడి. పొట్టు మినప్పప్పు నానబోసి, సాయంత్రం నీళ్లు పోసి చేత్తో పిసికితే పొట్టు పైకి తేలేది. ఆ నీళ్లు వంచడం, మళ్లీ పోయడం, మళ్లీ పిసకడం. ఎంత కడిగినా నల్లటి పొట్టు అక్కడక్కడా మిగిలేది. ఆ తర్వాత రుబ్బురోలు. మా పెద్దమ్మ పొత్రం తిప్పుతుంటే అమ్మ పక్కన కూచుని పిండిని చేత్తో లోపలికి తోసేది. వేలు నలగకుండా పొత్రం అటు తిరిగే లోపల తోసి చెయ్యి తీసేయాలి. మధ్యమధ్య గిన్నెలో నీళ్లలో చిటికెడు పిండి వేసి చూసేవాళ్లు. తేలితే సరిగ్గా నలిగినట్టు, మునిగితే ఇంకా రుబ్బాలి. ఈలోపు నాయనమ్మ రవ్వ కడిగి, నీళ్లు పిండేసి పక్కన పెట్టేది. లెక్క చూసుకో. ముగ్గురు ఆడవాళ్లు, ఒక సాయంత్రం మొత్తం. వాళ్లలో ఎవరికీ ఎనిమిదిన్నరకి ఆఫీసు లేదు. మీ అత్తయ్యగారు రుబ్బిన రోజుల్లో కూడా ఆడపడుచో, తోడికోడలో పక్కన ఉండే ఉంటారు. నీ పక్కన ఎవరున్నారు?

ఇంకో సంగతి చెబుతాను. మా నాయనమ్మ ఎండుమిరపకాయలు రోకలితో దంపించేది. అమ్మ కాపురానికి వచ్చాక మా ఊళ్లోకి మర వచ్చింది. మొదటిసారి మరకారం తెచ్చినప్పుడు నాయనమ్మ వారం రోజులు ఆ కూర ముట్టలేదు. ‘మరలో కారం కాలిపోతుంది, వాసన ఉండదు’ అనేది. నిజానికి అమ్మ ఎంత జాగ్రత్త పడేదో నేను చూశాను. మర దగ్గర పసుపు పట్టించిన వాళ్ల వెనక నిలబడేది కాదు. మిరపకాయలు పట్టించిన వాళ్లెవరో కనుక్కుని, వాళ్ల వెనకే డబ్బా పెట్టేది. 1983లో నేను మిక్సీ కొన్నప్పుడు అదే అమ్మ అచ్చం నాయనమ్మలాగే మొహం పెట్టింది. ‘పచ్చడి వేడెక్కిపోతుందే’ అంది. వేడెక్కుతుంది, నిజమే. రోటి పచ్చడి రుచి మిక్సీలో రాదని నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. కానీ నేను అప్పుడు స్కూల్లో టీచర్‌ని, చంకలో పిల్లాడు. మిక్సీ లేకపోతే నా ఇంట్లో పచ్చడే ఉండేది కాదు.

మీ అత్తయ్యగారికి నీ మీద కోపం ఉందని నేను అనుకోను. కొడుకు ఇంట్లో తన చేతి పని ఎవరికీ అక్కర్లేదన్న దిగులు ఆవిడకి ఉండొచ్చు. అలాగని రుబ్బే పని ఆవిడ నెత్తిన పెట్టకు. ఆవిడకి తెలిసినదాన్ని అడుగు. కందిపొడితో మొదలుపెట్టు. కందిపప్పు, పచ్చిశనగపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి ఎంతెంతో, పప్పు ఏ రంగు వచ్చేదాకా వేయించాలో ఆవిడనే పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని చెప్పమను. అరగంట పని, రెండు వారాలు వస్తుంది. పాపని కూడా అక్కడే ఉంచు. పప్పు వేగే వాసన చూసి ‘ఇక దించు’ అనడం ఏ ప్యాకెట్ మీదా రాసి ఉండదు, అది పక్కన నిలబడితేనే వస్తుంది.

ఇడ్లీ పిండి మాత్రం కొనుక్కో. ప్యాకెట్ వెనక చదువు. పదార్థాల పేర్లు బరువులో ఎక్కువ ఉన్నవి ముందు, తక్కువ ఉన్నవి తర్వాత రాస్తారు. బియ్యం, మినప్పప్పు, నీళ్లు, ఉప్పు అని ఉండి అక్కడితో ఆగిపోతే నాకు అభ్యంతరం లేదు. తేదీ చూడు, ప్యాకెట్ బాగా ఉబ్బి ఉంటే తీసుకోకు. పిండి ఫ్రిజ్‌లో ఉన్నా పులుస్తూనే ఉంటుంది, కాకపోతే నెమ్మదిగా. అందుకే మొదటి రోజు ఇడ్లీ, తర్వాత దోసె, చివర్లో ఉల్లిపాయ వేసి ఊతప్పం.

అల్లం వెల్లుల్లి పేస్టు కొనడం మానెయ్. ఇది నా అనుభవం. మా అబ్బాయి నిశ్చితార్థానికి నలభై మందికి పులావు చేస్తూ తొందరలో కొన్న పేస్టు వేశాను. నిల్వ కోసం అందులో ఉప్పు, పులుపు ముందే కలిపి ఉన్నాయి. నేను మామూలుగా వేసే ఉప్పు వేసేశాను. వియ్యపురాలు మొదటి ముద్దకే నీళ్లు అడిగింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. వెల్లుల్లి ఒలిచే పని మీ ఆయనకి అప్పగించు. వారానికి సరిపడా, నీళ్లు పోయకుండా, కాస్త ఉప్పు వేసి మిక్సీ పట్టి ఫ్రిజ్‌లో పెట్టుకో.

మీ అత్తయ్యగారి కోసం నెలకి ఒక్క ఆదివారం గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ లెక్కన ఇంట్లో గ్రైండర్ వెయ్యి. గ్రైండర్‌లో రుబ్బడం కష్టం కాదు, కడగడమే కష్టం. ఆ కడిగే పని కూడా ఆవిడ కొడుకుదే. ఆవిడ ముందే అప్పజెప్పు.

ప్రశ్న: నా వయసు 66. రెండేళ్ల క్రితం మా ఆవిడ పోయింది. అన్నం కుక్కర్‌లో పెట్టుకుంటాను, కూరలు కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటాను. మొన్న డాక్టర్ గారు బీపీ పెరిగింది, ఉప్పు తగ్గించమన్నారు. డాలస్ నుంచి మా అమ్మాయి ‘వంటమనిషిని పెట్టుకో నాన్నా’ అంటోంది. నాకేమో నేర్చుకోవాలని ఉంది. ఈ వయసులో వంట వస్తుందా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: వస్తుందండీ. తప్పకుండా వస్తుంది.

కర్రీ పాయింట్‌ని నేను ఏమీ అనను. ఒంటరిగా ఉండేవాళ్లకి, హాస్టల్ పిల్లలకి, రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే దంపతులకి అదే ఆధారం. ఇంట్లో అన్నం వండుకుని కూర, పప్పు, సాంబారు కవర్లలో తెచ్చుకోవడం మనవాళ్లకి బాగా కుదిరిన పద్ధతి. ఒక్కటే ఇబ్బంది. ఆ కవరు మీద ఏమీ రాసి ఉండదు, ఉప్పు మన చేతిలో ఉండదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో మనిషికి రోజుకి 5 గ్రాములకి మించి ఉప్పు వద్దని ఉంది. అంటే సుమారు ఒక టీ స్పూను. కూర, పెరుగన్నం, ఊరగాయ, అప్పడం అన్నీ అందులోనే. మీ డాక్టర్ గారు ఇంకా తక్కువ చెబితే ఆయన మాటే వినండి. దుకాణంలో కొనే ప్యాకెట్ల మీద సోడియం అని రాస్తారు. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే గ్రాము ఉప్పు అని గుర్తుపెట్టుకోండి.

మొదట పప్పు నేర్చుకోండి. అర గ్లాసు కందిపప్పు కడిగి, గుప్పెడు తోటకూర, రెండు పచ్చిమిర్చి, చిటికెడు పసుపు, ఒకటిన్నర గ్లాసు నీళ్లతో కుక్కర్‌లో నాలుగు కూతలు రానివ్వండి. చింతపండు ముందే వేయకండి, పులుపు తగిలితే పప్పు త్వరగా ఉడకదు. మెదిపాక పులుసు పోసి, అప్పుడు ఉప్పు వేసి, ఒక పొంగు రానివ్వాలి. పోపులో ఆవాలు ముందు. అవి చిటపటలాడటం తగ్గాక జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆఖరున కరివేపాకు. జీలకర్ర ముందే పడితే ఆవాలు పేలే లోపల మాడిపోతుంది. మొదటి రెండు సార్లు మాడుతుంది, మాడనివ్వండి.

పప్పు చేతికొచ్చాక చారు, ఆ తర్వాత బెండకాయ వేపుడు. ఈలోపు వారానికి రెండు రోజులు కర్రీ పాయింట్ ఉండనే ఉంది, మొహమాటపడకండి. మీ ఆవిడ వాడిన పోపుల పెట్టె ఇంట్లో ఉండే ఉంటుంది. రెండేళ్లయింది కాబట్టి పాత దినుసులు తీసేసి కడిగి, ఎండబెట్టి, ఏ గిన్నెలో ఏది ఉండేదో దాన్నే మళ్లీ పోసుకోండి. ఆవిడ ఏ చేతికి ఏది అందేలా సర్దుకున్నారో నాలుగు రోజుల్లో మీకే తెలుస్తుంది. వీడియో కాల్‌లో మీ అమ్మాయిని పక్కన పెట్టుకుని వండండి. వాళ్లమ్మ పప్పు ఎలా చేసేదో ఆ అమ్మాయికి తెలిసినంత నాకు తెలియదు.

ప్రశ్న: ఈ ఏడాది మొదటిసారి ఆవకాయ పెట్టాలనుకుంటున్నాను. ఆవపిండి ప్యాకెట్ వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: వద్దమ్మా. కారం, ఉప్పు కొన్నవి వాడుకో, ఆవపిండి మాత్రం ఇంట్లోనే కొట్టుకో. ఎప్పుడో కొట్టిన పిండిలో ఘాటు పోయి చేదు మిగులుతుంది. ఆవాలు బాగా ఎండబెట్టి, మిక్సీ ఆపి ఆపి తిప్పు. ఒకే బిగిన తిప్పితే వేడెక్కి చేదొస్తుంది. నాలుగు గ్లాసుల ముక్కలకి గ్లాసు ఆవపిండి, గ్లాసు కారం, గ్లాసుకి కాస్త తక్కువగా ఉప్పు, పైన తేలేంత పప్పునూనె. ముక్కల్లో జీడి తీసేయి, టెంక ఉంచు. టెంకకి అంటిన పల్చటి పొర కూడా తీసి, పొడిబట్టతో తుడువు. మూడో రోజు తిరగకలిపి రుచి చూడు. ఉప్పు చాలకపోతే అప్పుడే వేసుకోవాలి.