చప్పట్లు కొట్టని పెద్దాయన

సికింద్రాబాద్
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు.

నీ వ్యాసం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆత్రంగా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని, మూడోసారి పెన్సిల్ పక్కన పెట్టి. మీ పేట పిల్లల హాకీ టీమ్ ఈ సీజన్ లీగ్‌లో మొదటి మ్యాచ్ 3-2తో గెలిచింది. నువ్వు మ్యాచ్‌ని వదిలేసి, దాన్ని చూడటానికి వచ్చినవాళ్ల గురించి రాయాలనుకున్నావు. అందుకు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. మన ఊళ్లో క్రికెట్ జనం గురించి రాసేవాళ్లకు కొదవ లేదు. హాకీ గ్రౌండ్ గట్టు మీద కూర్చునేవాళ్ల గురించి ఒక కొత్త చెయ్యి రాస్తుందని ఈ వయసులో నేను అనుకోలేదు. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నీ మొదటి పేరాలోనే మైదానం దద్దరిల్లింది. కేరింతలు మిన్నంటాయి. అభిమానుల ఆనందానికి అవధులు లేకుండా పోయాయి. ఇవి నీ మాటలు కావమ్మా. మా స్పోర్ట్స్ డెస్కుల్లో 40 ఏళ్లుగా నలిగిన మాటలు. రాత్రి ఎడిషన్ టైమ్ మీద పడుతుంటే మేం వాటితోనే ఖాళీ నింపేవాళ్లం. వచ్చింది 150 మంది అని, అందులో సగం ఆడే పిల్లల అమ్మానాన్నలే అని నువ్వే రాశావు. 150 మంది అరిస్తే ఆ గ్రౌండ్ ఏం దద్దరిల్లుతుంది? ఆ సాయంత్రం అక్కడ నిజంగా ఏం వినిపించిందో నీకు తెలుసు. తొమ్మిదో పేరాలో రాశావు కదా, ఒకావిడ ఖాళీ స్టీల్ టిఫిన్ డబ్బాతో ఇనుప రెయిలింగ్ మీద కొడుతూనే ఉందని, మూత ఊడి కింద దొర్లిపోయినా ఆపలేదని. ఆ వాక్యం దగ్గర నేను కుర్చీలోంచి లేచి రెండడుగులు నడిచాను. అంత మంచి చప్పుడు తొమ్మిదో పేరా దాకా ఎందుకు ఆగింది? దాన్ని ముందుకు తీసుకురా. అది వచ్చాక మిన్నంటిన కేరింతలతో నీకు పని ఉండదు.

తర్వాత నువ్వు ఆరుగురిని అడిగావు, "ఎలా అనిపిస్తోంది?" అని. ఆరుగురూ చాలా సంతోషంగా ఉందన్నారు. ఇంకేమంటారు పాపం? మైకు ముందు మనిషి పెళ్లి ఫొటోలో నిలబడ్డట్టు నిలబడతాడు. ఈసారి వెళ్లినప్పుడు ఆ ప్రశ్న అడగకు. "నిరుడు ఆఖరి మ్యాచ్ ఎక్కడ కూర్చుని చూశారు?" అని అడుగు. ఆ తర్వాత నువ్వు నోరు తెరవనక్కర్లేదు.

ఈ ఉత్తరంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. సీజన్ మొదటి గెలుపు చూసి అరిచే మనిషి గొంతులో ఉండేది నిరుటి సీజన్. ఫైనల్ గెలిస్తే వచ్చే సంతోషం వేరు, అక్కడ కప్పు కంటి ముందే ఉంటుంది. మొదటి మ్యాచ్ గెలిస్తే చేతికి మూడు పాయింట్లు తప్ప ఏమీ రాదు. అయినా ఆవిడ డబ్బా మూత ఊడేలా కొట్టిందంటే, నెలల తరబడి కడుపులో పెట్టుకున్నదేదో ఉంది. నిరుడు ఆ టీమ్ ఎన్నో స్థానంలో ఆగింది? ఎవరు వదిలి వెళ్లిపోయారు? స్టిక్కులు కొనడానికి ఎవరు చందాలు పోగుచేశారు? నీ వ్యాసంలో నిరుడు అన్న మాటే లేదు. అందుకే నీ జనం అందరూ నిన్ననే పుట్టినట్టు కనిపిస్తున్నారు.

పెద్ద టీమ్‌ల విషయంలోనూ ఇంతే. హైదరాబాద్ తూఫాన్స్ సంగతే చూడు. హాకీ ఇండియా లీగ్‌ని మళ్లీ మొదలుపెట్టిన 2024-25 సీజన్‌లో మన ఊరి పేరుతో ఆడారు. మ్యాచ్‌లు మాత్రం రూర్కెలా, రాంచీల్లో. మన ఊరి టీమ్‌ని మనం టీవీలో చూసుకున్నాం. చుట్టూ కూర్చుని అరిచింది ఒడిశా, జార్ఖండ్ జనం. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్ జరిగింది. బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడిపోయారు. ఒక్క గోల్ తేడా. ఆ రాత్రి టీవీ ఆపేసిన హైదరాబాదీ ఆ తర్వాతి సీజన్ మొదటి మ్యాచ్‌కి కూర్చున్నప్పుడు, ఆ 3-4 కూడా వచ్చి అతని పక్కన కూర్చుంటుంది. అది తెలియకుండా అతని సంతోషం గురించి రాస్తే సగమే రాసినట్టు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే మన ఊరి హాకీ అభిమాని మనసు ఇంకా అర్థమవుతుంది. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది మన గచ్చిబౌలి స్టేడియంలోనే. మొదటి కప్పు కొట్టింది హైదరాబాద్ సుల్తాన్స్. మన గడ్డ, మన టీమ్, మన కప్పు. 2008తో ఆ లీగే ఆగిపోయింది, సుల్తాన్స్ పేరు కూడా దాంతోనే పోయింది. బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ అని వరసగా మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ ఈ ఊరివాడే. ఆ పేరు చెబితే కళ్లు మెరిసేవాళ్లు మారేడ్‌పల్లిలో, లాలాగూడలో ఇంకా ఉన్నారు. వాళ్ల మనవలకు చెప్పి చూడు, ఎవరని అడుగుతారు. కాబట్టి ఈ ఊళ్లో హాకీ చూసేవాడు కొత్త టీమ్‌కి మనసు ఇచ్చే ముందు కొంచెం ఆగుతాడు. ఆ ఆగడం కూడా రియాక్షనే. దాన్ని పట్టుకోవాలి నువ్వు.

మా నాన్న సంగతి చెబుతాను. 1975 మార్చి 15, కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్ ఫైనల్, పాకిస్తాన్ మీద. మా రైల్వే క్వార్టర్స్‌లో ఒక ట్రాన్సిస్టర్ చుట్టూ పాతికమంది చేరారు. మనం 2-1తో గెలిచాం. అశోక్ కుమార్ కొట్టిన రెండో గోల్ గోల్ కాదని పాకిస్తాన్ వాళ్లు గొడవ పడ్డారు. అంపైర్ గోలే అన్నాడు. పాతికమందీ ఎగిరారు. మా నాన్న ఎగరలేదు. లోపలికి వెళ్లి అటక మీది పాత స్టిక్ దించాడు. నూనె గుడ్డతో తలనుంచి పిడిదాకా తుడిచి మళ్లీ అటక మీదే పెట్టాడు. అప్పటికి ఆయన ఆడటం మానేసి ఎనిమిదేళ్లు. ఎగిరిన పాతికమందిలో ఒక్కరి ముఖం కూడా ఇప్పుడు నాకు గుర్తులేదు. నాన్న చేతిలోని ఆ నూనె గుడ్డ రంగు గుర్తుంది. అభిమాని అంటే అరిచేవాడే అని నువ్వు అనుకుంటున్నట్టున్నావు, అందుకే ఇది రాశాను.

మూడో గోల్‌కి ముందు ఏం జరిగిందో నువ్వు రాయలేదు. పెనాల్టీ కార్నర్ అని రాసి, వెంటనే గోల్ అన్నావు. మధ్యలో ఉన్న ఆ అర నిమిషం ఏమైంది? గ్రౌండ్ దగ్గరివాళ్లు దాన్ని పీసీ అంటారు, నువ్వూ అలాగే రాయి. పీసీ ఇచ్చిన వెంటనే గోల్ కాపాడుకునే టీమ్‌లో గోల్‌కీపర్, మరో నలుగురు మాత్రమే గోల్ లైన్ వెనక మిగులుతారు. ఆ టీమ్‌లో తక్కినవాళ్లంతా సెంటర్ లైన్ అవతలికి పోతారు. ఆ నలుగురూ ముఖానికి మాస్కులు తగిలించుకుంటారు. ఎదుటి టీమ్‌లో లైన్ మీద నుంచి ఒకడు బాల్ తోస్తాడు, డీ (గోల్ ముందు గీసిన అర్ధవృత్తం) బయట ఒకడు ఆపుతాడు, ఇంకొకడు స్టిక్‌తో గోల్ వైపు విసురుతాడు, దాన్నే ఫ్లిక్ అంటారు. పెద్ద స్థాయిలో ఆ బాల్ గంటకు 100 కిలోమీటర్లు దాటి వస్తుంది. దానికి ఎదురుగా పరిగెత్తే మొదటి పిల్లాడి తల్లి ఆ గట్టు మీదే ఎక్కడో ఉంటుంది. ఆవిడ ఎటు చూస్తోంది? ఆ అర నిమిషం హాకీ జనం మాట్లాడరు. వేరుశనగలు నమిలేవాడు కూడా నమలడం ఆపుతాడు. టోక్యో ఒలింపిక్స్ కాంస్యం మ్యాచ్ గుర్తుందా? 2021 ఆగస్టు 5 పొద్దున. 1-3తో వెనకబడిన మనవాళ్లు 5-4 దాకా వచ్చారు. ఇంక ఆరు సెకన్లు ఉందనగా జర్మనీకి పీసీ. మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఇంట్లో టీవీ మోగుతోంది, అయినా మెట్ల దగ్గర ఒక్క మనిషి గొంతు లేదు. మన గోల్‌కీపర్ శ్రీజేష్ ఆపాడు. 41 ఏళ్ల తర్వాత హాకీలో ఒలింపిక్ పతకం. ఆ అరుపు ఎంత గట్టిగా వచ్చిందో ఈరోజుకీ చెప్పగలను, ఎందుకంటే దాని ముందున్న నిశ్శబ్దం నాకు తెలుసు.

ఒక పని చెయ్యి. వచ్చే మ్యాచ్‌లో ఒక క్వార్టర్, అంటే 15 నిమిషాలు, టర్ఫ్‌కి వీపు పెట్టి జనం వైపు తిరిగి నిలబడు. గోల్ పడిందో లేదో వాళ్ల ముఖాల్లోనే తెలుసుకో. మొదట చాలా కష్టంగా ఉంటుంది. ఆట మీద ప్రేమ ఉన్నవాళ్లకు మరీ కష్టం.

ఇక భాష. గట్టు మీది మనుషుల చేత నువ్వు "బంతిని వృత్తంలోకి పంపించు" అనిపించావు. హైదరాబాద్‌లో ఎవరైనా అలా అరవగా విన్నావా? "డీ మే డాల్‌రే!" అని ఒకడు, "కొట్టురా, ఇంకేం జూస్తున్నవ్!" అని ఇంకొకడు అరిచి ఉంటారు. మన హాకీ గ్రౌండ్‌లో దక్కనీ, తెలంగాణ తెలుగు, రైల్వే క్వార్టర్స్ ఇంగ్లిష్, కంటోన్మెంట్ తమిళం అన్నీ ఒకే బెంచీ మీద కూర్చుంటాయి. ఒకే మనిషి అంపైర్‌ని ఒక భాషలో తిట్టి, కొడుకుని ఇంకో భాషలో పిలుస్తాడు. వాళ్లందరినీ పాఠ్యపుస్తకం తెలుగులోకి దించితే పలికేవాళ్ల ఊరు పోతుంది. విన్నది విన్నట్టు తెలుగు లిపిలో పెట్టు. చదివేవాళ్లు మనవాళ్లే, వాళ్లకు అర్థమవుతుంది.

ఇక నా తప్పు ఒకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లోకల్ టోర్నీ మొదటి మ్యాచ్ రాయడానికి వెళ్లాను. మనవాళ్లు రెండు గోల్స్ ముందున్నారు, ఇంక ఐదు నిమిషాలు ఉంది. పేజీ టైమ్ దాటిపోతుందన్న టెన్షన్‌లో సైకిల్ ఎక్కి ఆఫీసుకు వచ్చేశాను. స్కోరు ఫోన్‌లో కనుక్కున్నాను, గెలిచారు. "హూటర్ మోగగానే అభిమానులు మైదానంలోకి దూసుకొచ్చి సంబరాలు చేసుకున్నారు" అని రాసేశాను. నాలుగు రోజులకు ఒక పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, మేము మైదానంలోకి వచ్చిన మాట నిజమే. ఆఖరి నిమిషంలో మా పిల్లవాడి దవడకు బాల్ తగిలింది. వాడి చుట్టూ నిలబడ్డాం. సంబరాలు చేసుకోలేదు." కింద సంతకం, ఊరు లేవు. అందులో ఒక్క తిట్టు కూడా లేదు. ఆ కార్డు నా దగ్గర ఇంకా ఉంది, నువ్వు వచ్చినప్పుడు చూపిస్తాను. అప్పటినుంచి హూటర్ మోగాక కూడా చివరి మనిషి గేటు దాటేదాకా నేను గ్రౌండ్ వదల్లేదు. పేజీ వెళ్లిపోతే వెళ్లిపోయింది, మర్నాటి పేజీలో రాసేవాణ్ని.

నువ్వు చివరిదాకా ఉన్నావు. అది నీ వ్యాసంలో తెలుస్తోంది. ఉన్నావు కాబట్టే ఆ పెద్దాయన నీ కంట పడ్డాడు. "ఒక పెద్దాయన మాత్రం చప్పట్లు కొట్టలేదు. చేతిలో కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు." ఈ రెండు వాక్యాలు రాసి, వెంటనే కోచ్ మాటల్లోకి వెళ్లిపోయావు. మొత్తం వ్యాసంలో నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ కాగితమే. టీమ్ లిస్టా? నిరుటి స్కోర్లా? మనవడి పేరు ఉండాల్సిన చోట లేదని చూసుకున్నాడా? ఊహించి రాయకు. నేను ఇక్కడ కూర్చుని ఊహించడం తప్పే.

వచ్చే ఆదివారం రెండో మ్యాచ్ ఉందన్నావు. ఆయన వస్తాడు. అలాంటివాళ్లు ఓడినా గెలిచినా వస్తారు. పక్కన కూర్చో. నోట్‌బుక్ బయటికి తీయకు, కనీసం మొదటి క్వార్టర్ అయ్యేదాకా. టీ తెచ్చి ఇవ్వు. ఆయన చెబితే విను, చెప్పకపోతే ఆ సాయంత్రానికి అదే నీ వ్యాసం. రాసింది ఏదైనా సోమవారం పొద్దున నాకు తెచ్చి ఇవ్వు. మీ పెద్దమ్మ ఇడ్లీ చేస్తుంది, నేను పెన్సిల్ చెక్కి ఉంచుతాను.

నీ పెదనాన్న