వలందుల (డచ్చివారి) ఓడలు, మన నేత బట్టలు

ప్రశ్న: ఈమధ్య పిల్లలతో భీమిలి వెళ్లి, సముద్రపు ఒడ్డున డచ్చివారి (నెదర్లాండ్స్ దేశస్థుల) సమాధులు చూసి వచ్చాం. విస్తీర్ణంలో మన రాష్ట్రంలో నాలుగో వంతు ఉండే ఆ దేశం అంతటి నౌకాబలాన్ని ఎలా సంపాదించింది?
– ఒక పాఠకురాలు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: డచ్చివారి బలం ఫిరంగులతో మొదలు కాలేదు, చేపలతో, ధాన్యంతో, కలపతో మొదలైంది. తూర్పు దేశాల ముఖం చూడకముందే వారు ఉత్తర సముద్రంలో హెర్రింగ్ చేప పట్టి, ఉప్పులో ఊరవేసి పీపాలకెత్తి అమ్మేవారు. బాల్టిక్ తీరం నుంచి గోధుమ, రై ధాన్యాలను, నార్వే నుంచి దుంగలను తెచ్చి యూరపు దక్షిణ దేశాలకు చేరవేసేవారు. ఇది లాభం తక్కువగా, బరువు ఎక్కువగా ఉండే వ్యాపారం కనుక, రవాణా ఖర్చు తగ్గించుకున్నవాడే అందులో నిలబడగలడు. ఆ అవసరంలోంచే 1595 ప్రాంతంలో హోర్న్ పట్టణంలో ‘ఫ్లూయిట్’ అనే సరుకుల ఓడ పుట్టింది. దాని పొట్ట పెద్దది, పైతట్టు ఇరుకు. ఫిరంగుల బరువు దాదాపు ఉండదు. తెరచాపలను కప్పీలతో లాగే ఏర్పాటు ఉండటం వల్ల ఇతర దేశాల ఓడకు కావలసిన నావికుల్లో సగం మందితోనే నడిచేది. అదే దశాబ్దంలో గాలిమరతో దుంగలు కోసే రంపపు మిల్లు కూడా వచ్చి, ఓడ కట్టే ఖర్చు మరింత దిగివచ్చింది.

రెండో కారణం రాజకీయం. తమను ఏలుతున్న స్పెయిన్ రాజు మీద డచ్చివారి తిరుగుబాటు సాగుతుండగా 1585లో ఆంట్‌వెర్ప్ నగరం స్పెయిన్ సేనల వశమైంది. అక్కడి వర్తకులు, వారి డబ్బు, వారి పరిచయాలు ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలిపోయాయి. 1580 నుంచి పోర్చుగల్‌నూ ఆ రాజే ఏలుతున్నందున, లిస్బన్ రేవులో మిరియాలు కొనుక్కునే డచ్చి ఓడలకు అడ్డంకులు ఎదురయ్యాయి. దాంతో 1595లో నాలుగు ఓడలు నేరుగా జావాకే బయలుదేరాయి. వెళ్లిన సుమారు 240 మందిలో 1597లో తిరిగి వచ్చినవారు 90కి లోపే. లాభం స్వల్పమే అయినా దారి తెలిసింది; ఆ తర్వాత ఊరికొక కంపెనీ వెలసి ఒకదానితో ఒకటి పోటీపడటంతో, 1602లో ప్రభుత్వం వాటన్నిటినీ కలిపి ఒకే ఈస్టిండియా కంపెనీగా చేసి, కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు తూర్పున వ్యాపారం చేయడానికీ, కోటలు కట్టడానికీ, యుద్ధాలూ సంధులూ చేయడానికీ దానికి హక్కులిచ్చింది.

ఆ కంపెనీ మూలధనం సుమారు 64 లక్షల గిల్డర్లు (గిల్డర్ అంటే అప్పటి డచ్చి నాణెం). ఆమ్‌స్టర్‌డామ్‌లో వాటాల చిట్టాను దిర్క్ వాన్ ఓస్ అనే వర్తకుని ఇంట్లో తెరిచారు. గడువు ముగిసే రోజున ఆ ఇంటి పనిమనిషి నేల్త్‌యే కొర్నేలిస్ కూడా 100 గిల్డర్లు రాయించింది. అన్ని కారణాల్లోకీ నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. వాటాదారు పెట్టుబడిని వెనక్కి అడగకుండా, డబ్బు అవసరమైతే తన వాటాను మరొకరికి అమ్ముకునేవాడు కనుక, ఓడ తిరిగి రావడానికి రెండేళ్లు పట్టినా కంపెనీ చేతిలో పెట్టుబడి కదలకుండా ఉండేది.

ఈ కథలో చీకటి భాగాన్ని దాచడం న్యాయం కాదు. జాజికాయ పండే బందా దీవులను (ఇవి నేటి ఇండోనేషియాలో ఉన్నాయి) 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జూన్ కూన్ ఆక్రమించినప్పుడు, అక్కడి జనంలో అత్యధికులు కత్తికో ఆకలికో బలయ్యారు, లేదా బానిసలుగా తరలింపబడ్డారు.

ప్రశ్న: సుగంధద్రవ్యాల కోసం బయలుదేరినవారికి, అవి పండని మన తీరంతో ఏం పని?
– ఒక పాఠకుడు, కంచరపాలెం, విశాఖపట్నం

జవాబు: బడి పుస్తకాలు సాధారణంగా వదిలేసే సంగతి ఇది. లవంగాలు, జాజికాయలు అమ్మే దీవులవారు వెండి కంటే భారతదేశపు బట్టనే ఎక్కువగా కోరేవారు. అందుకే డచ్చివారు 1605లో మచిలీపట్నం చేరి, మరుసటి ఏడు గోల్కొండ సుల్తాను ఫర్మానాతో అక్కడా నిజాంపట్నంలోనూ వర్తక స్థావరాలు పెట్టారు; 1610లో పులికాట్‌లో కాలూని, తర్వాత అక్కడ కోట కట్టారు. కోరమాండల్ తీరం (మన తూర్పు తీరం) మసాలా దీవులకు ఎడమ చేయి వంటిదని హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి అప్పుడే రాశాడు.

ఆ బట్టల ఎరుపు రంగుకు మూలం చిరివేరు అనే మొక్క వేరు. నిజాంపట్నం పరిసరాల వేరు రంగు ఉతికినా వెలిసేది కాదని దానికి ప్రత్యేకమైన గిరాకీ ఉండేది. కంపెనీ నేరుగా మగ్గం దగ్గరకు పోలేదు. స్థానిక వర్తకులకు ముందుగా సొమ్మిచ్చేది, వారు నేతగాళ్లకు బయానా ఇచ్చి, ఒప్పుకున్న పొడవు, వెడల్పు, పోగుల లెక్క ప్రకారం తానులు తెప్పించేవారు. నాణ్యత తగ్గిందన్న పేరుతో ధర కోసినప్పుడు ఆ నష్టం ఎవరి నెత్తిన పడేదో వేరే చెప్పనక్కరలేదు. బట్టతో పాటు నీలిమందు, బియ్యం, కరువు ఏళ్లలో తమను తాము అమ్ముకున్న మనుషులు కూడా ఈ తీరం నుంచి డచ్చి ఓడలెక్కారు.

ప్రశ్న: వారు భీమిలిని ఎప్పుడు వదిలారు? తెలుగులో వారికి వేరే పేరేమైనా ఉందా?
– ఒక విద్యార్థిని, భీమునిపట్నం

జవాబు: 1780లో మొదలైన నాలుగో ఆంగ్లో-డచ్ యుద్ధం కంపెనీ నడుం విరిచింది, అప్పుల్లో మునిగిన ఆ సంస్థ 1799 చివర రద్దయింది. భీమిలి కొన్నాళ్లు చేతులు మారుతూ వచ్చి, 1824 నాటి లండన్ ఒడంబడిక ప్రకారం 1825లో ఆంగ్లేయుల పరమైంది. వారు అప్పటికే 1682 నుంచి విశాఖపట్నంలో స్థావరం వేసుకుని ఉన్నారు. ఇక పేరు సంగతి: మనవాళ్లు డచ్చివారిని ‘వలందులు’ అనేవారు, హాలండ్ అనే మాటకు అది మన నోట తిరిగిన రూపం. మచిలీపట్నంలో వలందపాలెం నేటికీ ఉంది; ఫ్రెంచివారి ఫరాసుపేట, ఆంగ్లేయుల ఇంగ్లీషుపాలెం కూడా ఆ ఊళ్లోనే ఉన్నాయి.