బయాస్ తిప్పేముందు

పాపా,

బెంగళూరులో కొన్న ఆ పాత వాల్వు గిటార్ ఆంప్ వెనక మూత విప్పి, బయాస్, అంటే పాట లేనప్పుడు వాల్వుల్లో పారే కరెంటు, నువ్వే సరిచేసుకుంటావంట. వద్దని నీకు చెప్పమనే మీ నాయన నాకు ఫోన్ చేసినాడు. నేను చెప్పను. మనింట్లో ఇంకొకరు మల్టీమీటర్ పట్టుకుంటా ఉండారంటే నాకు సంబరమే. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నా భయం ఒకటే. ప్లగ్గు పీకేసినాం కదా అని చెయ్యి పెట్టొద్దు. పీకినాక కూడా కరెంటు నిలవపెట్టుకునే ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టులకు పైన నిలబడి ఉండొచ్చు. 10 కిలో ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి తీసుకో. రెండు కొసలకూ తొడుగున్న క్లిప్పు వైర్లు కట్టు. ఒక క్లిప్పు ఆంప్ లోపలి రేకు చట్రం, అదే చాసిస్‌కు, ఇంకోటి కెపాసిటర్ పాజిటివ్‌కు. మీటర్ 5 వోల్టుల లోపు చూపించేదాకా వేలు లోపలికి పోకూడదు. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఫట్‌మనిపించే మొనగాళ్ళు చాలామంది ఉండారు, వాళ్ళ దగ్గర నేర్చుకోవద్దు. గాజులు, గొలుసు తీసి పక్కన పెట్టు. మీ పెద్దమ్మ ఇచ్చినవైనా సరే.

కొలిచేటప్పుడు ఆంప్ ఆన్‌లోనే ఉండాల కాబట్టి, ఆఫ్‌లో ఉన్నప్పుడే మీటర్ క్లిప్పులు తగిలించుకో. తర్వాత ఎడమ చెయ్యి వెనక్కి కట్టుకో. స్పీకర్ తగిలించకుండా ఆన్ చేయొద్దు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. గిటార్ పీకెయ్, వాల్యూం సున్నా.

ఇప్పుడు ఇంటర్నెట్లో ఎవురూ గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. నేను మైకుసెట్టు షాపులో పనికి చేరిన కొత్తలో, మా మేస్త్రీ వాల్వు ఆంప్లిఫయర్ రిపేరీలో చెయ్యి తిరిగినోడు. ఒక ఊర్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం. పొద్దుగూకే వేళ సెట్టు బిగించి, అక్కడికక్కడే బయాస్ పెట్టినాడు. నేను టార్చి పట్టుకున్నా. ఊరంతా లైట్లు, చేలల్లో మోటార్లు, లైను 190 వోల్టుల దగ్గర ఈడుస్తా ఉండాది. సౌండు బాగా రావాలని ఆ 190 మీదనే కరెంటు పైఅంచుదాకా లాగి పెట్టినాడు. నడిరేయికి మోటార్లు ఆగినాయి, ఇండ్లల్లో లైట్లు ఆరినాయి, లైను 250కి లేసింది. వీధినాటకం మంచి పట్టులో ఉండాది. నేను సెట్టు వెనక్కి పోయి చూస్తే ఒక వాల్వులో ఎలక్ట్రాన్లు వచ్చి చేరే ప్లేటు రేకు, అతుకు పక్కన, ముదురు ఎరుపు తిరిగింది. మేస్త్రీని లేపుకోనొచ్చేలోపల రేకంతా నారింజ రంగు. ట్రాన్స్‌ఫార్మర్ వార్నిష్ కాలిన వాసన. ద్రౌపది వేషగాడు మైకు లేకుండానే తెల్లారేదాకా పాడినాడు పాపం. మేస్త్రీ పది మంది ముందర ఓనరు చేత మాటలు పడినాడు. మళ్ళీ ఆ ఊరి పేరెత్తితే ఆయనకు కోపం.

లైను పెరిగితే వాల్వులో కరెంటును అదుపు చేసే గ్రిడ్డు మీద నెగటివ్ వోల్టేజీ కూడా పెరుగుతుంది గానీ, ప్లేటు, దానికీ గ్రిడ్డుకూ మధ్యనుండే స్క్రీన్ వోల్టేజీలు పెరిగినదానికి అది చాలదు. అందుకే మీ ఇంట్లో లైను సాయంత్రం ఏడుకొకసారి, రాత్రి పదకొండుకొకసారి కొలువు. ఎక్కువ ఉన్నప్పుడే బయాస్ పెట్టు. తిరుపతి టౌనే కదా అని ధీమా వద్దు, ఎండాకాలం ఏసీలు నడిచే వీధి సంగతి నాకు తెలుసు.

లెక్క సులభమే. నీవి ఈఎల్34 రకం వాల్వులు, ఒక్కోదానికి ప్లేటు హద్దు 25 వాట్లు. అందులో 70 శాతం దాకానే పోవాల, అది 17.5 వాట్లు. ప్లేటు మీద 450 వోల్టులుంటే, 17.5ను దాంతో భాగిస్తే 39 మిల్లీఆంప్స్‌కు కొంచెం తక్కువ వస్తుంది. వాల్వులో ఎలక్ట్రాన్లు వదిలే కాథోడ్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 1 ఓమ్ రెసిస్టర్లు ఉన్నాయన్నావు కదా, అక్కడ ఎన్ని మిల్లీవోల్టులుంటే అన్ని మిల్లీఆంప్స్. అందులో స్క్రీన్ కరెంటు కూడా కలిసే ఉంటుంది, ప్లేటుది ఇంకా తక్కువే, అది మన మేలుకే. నన్నడిగితే 35 దగ్గర ఆపు. మరీ తగ్గిస్తే చిన్న సౌండులో బరబరమంటుంది, అది చెవికే తెలుస్తుంది. మొదలు నెగటివ్ ఎక్కువున్న కొసన పెట్టి, స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పు. పావుగంట వేడెక్కనిచ్చి మళ్ళీ చూడు, అంకె కదిలే ఉంటుంది.

గాజు లోపల నీలంగా మెరిస్తే బెదరొద్దు, అది మామూలే. రేకు ఎర్రబడితే మాత్రం ఆలోచించకుండా స్విచ్ ఆపు.

రెండు వాల్వులకూ అంకెల్లో 5 కంటే ఎక్కువ తేడా వస్తే చోట్లు మార్చి చూడు. తేడా వాల్వు వెంబడి పోతే వాల్వుది, అక్కడే ఉంటే సాకెట్‌దో రెసిస్టర్‌దో. అదేదో తేలినాక నాకు ఫోన్ చెయ్. ఆదివారం చిత్తూరు నుంచి పొద్దున బస్సుకొస్తా. మీ నాయనకు చెప్పాల్సింది నేను చెప్తాలే.

పెదనాయన