మూడో ప్లగ్ రానంటోంది

ప్రశ్న: అయ్యా, మా నాన్నగారి 2009 మోడల్ మారుతి 800కి చిన్నచిన్న పనులు నేనే చేసుకుంటాను. 2023 డిసెంబరు తుఫానుకి మా వీధిలో చక్రాలు మునిగే దాకా నీళ్లలో నిలబడింది. ఆ తర్వాత అప్పుడప్పుడు స్టార్ట్ చేసి పెట్టడమే తప్ప పెద్దగా తిప్పలేదు. మొన్న ఆదివారం స్పార్క్ ప్లగ్‌లు మారుద్దామని కూర్చున్నాను. రెండు ఇట్టే వచ్చేశాయి. మూడోది పావు చుట్టు తిరిగి, కీచుమని అరిచి బిగుసుకుపోయింది. ఎదురింటి తంబి ‘స్పానర్‌కి పైపు తొడిగి లాగితే వచ్చేస్తుందక్కా’ అంటున్నాడు. వీధి చివర మెకానిక్ హెడ్, అదే ప్లగ్‌లు బిగించి ఉండే ఇంజిన్ పైభాగం, దించాలంటున్నాడు. నాన్నగారికి ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ముందు ఆ పైపు తంబికి తిరిగిచ్చెయ్యండమ్మా. హెడ్ దించే సంగతి తర్వాత చూద్దాం, ఇప్పుడప్పుడే అంత దూరం పోనక్కర్లేదు.

పైపు మీద నాకెందుకింత కోపమో చెబుతాను. నేను పని నేర్చుకున్నది అంబాసిడర్ల మీద. వాటి హెడ్ పోత ఇనుము, ఎంత మొరటుగా లాగినా ఓర్చుకునేది. తర్వాత మారుతీలు వచ్చాయి. వాటి హెడ్ అల్యూమినియం. అంబత్తూరు షెడ్డులో ఒకరోజు ఇలాగే ప్లగ్ రాకపోతే పాత అలవాటు కొద్దీ పైపు తొడిగాను. ప్లగ్ వచ్చింది. దానితో పాటు హెడ్‌లోని మరలన్నీ స్ప్రింగులా చుట్టుకుని వచ్చాయి. ఆ నెల జీతంలో సగం దానికే పోయింది. ప్లగ్ పోతే రెండొందలో మూడొందలో పోతాయి. మనం కాపాడుకోవాల్సింది హెడ్‌ని.

మీరు విన్న కీచు శబ్దం మరల మధ్య పొడిగా రాసుకుంటున్న చప్పుడు. కింది కొసన పట్టిన మసి, పైనుంచి దిగిన తుప్పు పొడి, చెన్నై ఉప్పుగాలి, ఏదైనా కారణం కావచ్చు. అది వినిపించిందంటే ఇంకొక్క వెంట్రుకవాసి కూడా విప్పే వైపు తిప్పకూడదు. మళ్లీ బిగించే వైపు తిప్పండి. తిరిగిందా, సగం గండం గడిచినట్టే.

ఇప్పుడు సైకిల్ పంపుతో ప్లగ్ చుట్టూ ఉన్న మట్టి, తుప్పు ఊదెయ్యండి. ప్లగ్ బయటికొచ్చాక ఆ చెత్త సిలిండర్‌లో పడితే పిస్టన్ గీసుకుపోతుంది. మూడోదాన్ని మామూలుగా బిగించి, తీసిన రెండూ పెట్టేసి, ఇంజిన్ ఓ ఐదు నిమిషాలు నడిపి ఆపండి. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి రంధ్రం కాస్త వదులవుతుంది. అలాగని కాలిపోతున్నప్పుడు చెయ్యి పెట్టకండి. వేడి మీద అల్యూమినియం మరలు మెత్తబడి ఉంటాయి, తొందరగా చెడిపోతాయి. హెడ్ మీద చెయ్యి ఆనించగలిగేంత గోరువెచ్చగా అయ్యాక ప్లగ్ మొదట్లో పెనెట్రేటింగ్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలెయ్యండి. చాలామంది డబ్ల్యూడీ 40 కొడతారు. అది 1953లో అమెరికాలో తేమ తరిమేందుకు తయారైంది, పేరులో 40 అంటే నలభయ్యో ప్రయత్నమని. తలుపు కీళ్లకు భేషుగ్గా ఉంటుంది. పట్టేసిన మరలకి మాత్రం తుప్పు వదిలించే నూనె అని విడిగా అడిగి తీసుకోండి. జీపీ రోడ్డులో స్పేర్ పార్ట్స్ కొట్లన్నింటిలో దొరుకుతుంది.

పొద్దున సాకెట్ తిప్పడానికి పొడవాటి టామీ బార్ (అడ్డంగా దూర్చే కడ్డీ) కాకుండా పొట్టిది తీసుకోండి. సాకెట్ ప్లగ్ మీద నిటారుగా కూర్చోవాలి. ఒరిగితే పింగాణీ విరుగుతుంది, అప్పుడు ఇంకో తలనొప్పి. విప్పే వైపు కొంచెం, బిగించే వైపు కొంచెం, మళ్లీ రెండు చుక్కలు. కీచుమంటే వెనక్కి. పావుగంటలో రాకపోతే కాఫీ తాగి రండి. నాకు ఒకసారి జెన్ కారు ప్లగ్ ఒకటి రెండు రోజులు పట్టింది, అయినా మరలు చెక్కుచెదరలేదు.

వచ్చాక పాత ప్లగ్ మరలు ఎండలో చూడండి. నల్లటి మసి అయితే సరే. మెరిసే తెల్లటి తీగ ముక్కలు కనిపిస్తే కొత్త ప్లగ్ పెట్టకుండా ఆగండి. అప్పుడు పుదుపేటలో హెలికాయిల్ వేసేవాళ్లని వెతకాలి. రంధ్రం కొద్దిగా పెద్దది చేసి ఉక్కు తీగ చుట్ట దించుతారు, ఆ పైన ప్లగ్ మామూలుగానే బిగుస్తుంది. కొత్త మరలు కోసే పనిముట్టు, ట్యాప్ అంటారు, దాని గాళ్లకు గ్రీజు పూసి దింపమనండి, పొడి లోపల పడకుండా దానికి అంటుకుంటుంది.

మరలు బాగుంటే, పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, కాయిల్ వైరు విప్పి, ప్లగ్‌లు లేకుండానే రెండుసార్లు సెల్ఫ్ కొట్టండి. లోపల కారిన నూనె చిమ్ముకొస్తుంది, ముఖం దూరంగా పెట్టండి. కొత్త ప్లగ్ తలకి చిన్న రబ్బరు గొట్టం తొడిగి దానితో తిప్పండి. మర తప్పితే రబ్బరే జారిపోతుంది, హెడ్ పాడవదు. వేళ్లతో ఆనిన దాకా బిగించి, అక్కడినుంచి స్పానర్‌తో సగం చుట్టు, మహా అయితే అరకి కొంచెం ఎక్కువ. వాషర్ నలిగి కూర్చున్నది చేతికే తెలుస్తుంది. మరలకి గ్రీజు రాయమని కొందరంటారు, వద్దు. పూత వేసిన ప్లగ్‌కి అవసరం లేదని ప్లగ్‌లు తయారుచేసే ఎన్‌జీకే వాళ్లే చెబుతారు. జారుడు ఎక్కువై తెలియకుండానే మనం అతిగా బిగించేస్తాం. మీకు ముందు సర్వీసింగ్ చేసినవాళ్ల పని కూడా అదేనేమోనని నా అనుమానం.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి కాస్త పొగ వస్తుంది, మిగిలిన నూనె కాలి. ఆ సంగతి నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి.