క్లోరిన్ సున్నా అని చూపిస్తే వెంటనే నమ్మకు

చిన్నా,

నీ మెసేజ్ చూశాక టెన్షన్‌గా ఉంది. పొద్దున మీ స్విమ్మింగ్ పూల్ నీళ్లలో క్లోరిన్ సున్నా వచ్చిందని క్లోరిన్ టాబ్లెట్లు వేశావు, సాయంత్రం మళ్లీ సున్నా. పీహెచ్ చుక్కలేమో ఊదా రంగు చూపించాయి. ఇక ఒక్క టాబ్లెట్ కూడా వేయకు. లెక్క తేలేదాకా పిల్లల్ని నీళ్లలోకి దింపకు.

నీ దగ్గరున్నది డీపీడీ కిట్. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు రావాలి. కానీ క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగునే విరిచేస్తుంది, ట్యూబులో నీళ్లు ఏమీ లేనట్టు తేటగా కనిపిస్తాయి. చుక్క పడగానే గులాబీ ఒక్క క్షణం మెరిసి మాయమవుతోందేమో తెల్ల కాగితం వెనక పెట్టి చూడు. ఊదా రంగు వెనకున్నదీ ఆ క్లోరినే అయ్యుండాలి. అది పీహెచ్ చుక్కల్లోని ఫీనాల్ రెడ్ అనే రంగును మార్చేస్తుంది కాబట్టి ఆ రంగు చూసి పీహెచ్ పెరిగిందని యాసిడ్ పోయకు.

ఒక వంతు పూల్ నీళ్లకు నాలుగు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి (ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే) క్లోరిన్ పరీక్ష మళ్లీ చెయ్యి. వచ్చిన అంకెను 5తో గుణించు. పీహెచ్‌కు మాత్రం ఈ లెక్క పనికిరాదు, క్లోరిన్ దిగాకే చూడాలి. నీళ్లు పైపైన ముంచకుండా, పూల్‌లోకి నీళ్లు వచ్చే జెట్‌కు దూరంగా, మోచేతి లోతు నుంచి తియ్యి. చుక్కల సీసా గడువు తేదీ కూడా చూడు, ఎండకు కారులో ఉంచితే అవి పాడైపోతాయి.

నాకు అసలు దిగులు ఆ టాబ్లెట్ల గురించే. అవి టీసీసీఏ, అంటే క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ యాసిడ్ కూడా ఉండే రకం. నీళ్లలో 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) క్లోరిన్ పెరిగితే దాదాపు 6 పీపీఎం సయన్యూరిక్ యాసిడ్ కూడా చేరుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఈ యాసిడ్ అలాగే పేరుకుంటుంది. అది 30 నుంచి 50 పీపీఎం దాకా మంచిదే, ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా కాస్తుంది. 100 దాటితే కిట్‌లో క్లోరిన్ బాగానే కనిపిస్తుంది, నాచు మాత్రం పడుతూనే ఉంటుంది. అప్పుడు కొంత నీళ్లు తోడేసి కొత్తవి నింపాల్సిందే. షాపు వాళ్లు ఇంకో డబ్బా అంటగట్టబోతే కొనకు.

మీది బోరు నీళ్లు కదా, ఆల్కలినిటీ (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే క్షార గుణం) కూడా చూడు. అది 120 పీపీఎం దాటి ఉంటే పీహెచ్ దించిన కొద్దీ మళ్లీ పైకి వస్తుంది.

ఇంకో మాట. టీసీసీఏ తీసిన మగ్గుతో బ్లీచింగ్ పౌడర్ ముట్టుకోకు, రెండూ కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది కూడా. పనివాళ్లకు కూడా ఈ రోజే చెప్పు.

మీ పెదనాన్న